ఎండాస్మాసిస్ వేరే ప్రక్రియ కాదు: ద్రవాభిసరణం ఏ దిశలో సాగిందో చెప్పే పేరు

ద్రవాభిసరణం (ఆస్మాసిస్), అంటే పొర గుండా నీరు కదలడం గురించి జీవశాస్త్రం చదివే విద్యార్థుల మధ్య ఒక చిన్న వివరణ విస్తృతంగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: "ఎండాస్మాసిస్ ద్రవాభిసరణం కంటే వేరైన ప్రక్రియ. ఇందులో పదార్థాలు ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢత వైపు కదులుతూ కణంలోకి ప్రవేశిస్తాయి. ఇందుకు కణం శక్తిని ఖర్చు చేస్తుంది. ఎండు గింజ నీటిలో ఉబ్బడం దీనికి ఉదాహరణ. ఇది జరుగుతున్నంతసేపు కణం నుంచి నీరు బయటికి పోదు." పరీక్షకు సిద్ధమయ్యేవారు దీన్నే కంఠస్థం చేస్తున్నారు గనుక ఇందులోని ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించవలసి ఉంది.

వేరైన ప్రక్రియ అన్న మాటను పదచరిత్రే కాదంటుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ ద్యుత్రోషే 1826 ప్రాంతంలో, పొరకు రెండు వైపులా ఉన్న ద్రవాల కదలికను వివరిస్తూ, లోపలికి సాగే ప్రవాహానికి ఎండాస్మోస్ అనీ, బయటికి సాగే ప్రవాహానికి ఎక్సాస్మోస్ అనీ పేర్లు పెట్టాడు. గ్రీకులో ఎండాన్ అంటే లోపల, ఓస్మాస్ అంటే తోయడం. బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం 1854లో ఆ ముందుభాగాలను తీసివేసి ఆస్మోస్ అనే మాటను వాడాడు. నేటి ఆస్మాసిస్ దాని నుంచే వచ్చింది. అంటే దిశను చెప్పే రెండు పేర్లు ముందు పుట్టాయి, రెండింటికీ ఉమ్మడి పేరు ఆ తరువాత ఏర్పడింది. మన పాఠ్యపుస్తకాలు వాడే అంతర ద్రవాభిసరణం, బాహ్య ద్రవాభిసరణం అన్న మాటలు ఈ బంధుత్వాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తాయి.

లోపల, బయట అన్నవి మనం ఏ కణం పక్షాన నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి మారతాయి. నేలలోని నీరు మూలకేశంలోకి (వేరు మీద వెంట్రుకలా ఉండే కణంలోకి) చేరితే ఆ మూలకేశానికి అది అంతర ద్రవాభిసరణం. అక్కడి నుంచి పక్కనున్న వల్కల కణంలోకి (వేరులో ఇంకా లోపలి వైపున్న కణంలోకి) వెళ్ళే అదే నీరు మూలకేశం దృష్టిలో బాహ్యం, వల్కల కణం దృష్టిలో అంతరం. ఒకే కదలికకు రెండు పేర్లూ చెల్లుతున్నప్పుడు వాటిని రెండు వేర్వేరు ప్రక్రియలుగా నేర్పడం విద్యార్థికి అన్యాయం చేయడమే.

గాఢత గురించిన మాటలోనే అసలు గందరగోళం ఉంది. ద్రవాభిసరణంలో పొరను దాటేది ప్రధానంగా ద్రావణి, అంటే జీవకణాల విషయంలో నీరు. చక్కెర, లవణాలు కాదు. ద్రావితం (నీటిలో కరిగిన పదార్థం) గాఢతను లెక్కలోకి తీసుకుంటే నీరు తక్కువ గాఢత గల ద్రావణం నుంచి ఎక్కువ గాఢత గల ద్రావణంలోకి పోతుంది, కాబట్టి ఆ వివరణ దిశను తలకిందులు చేసింది. గాఢత అనే మాటతో నీటినే ఉద్దేశించి ఉంటే వాక్యాన్ని కొంతవరకు సమర్థించవచ్చు, కానీ అప్పుడు "పదార్థాలు" అనకూడదు. ఈ తికమక లేకుండా ఉండాలంటే నీటిశక్మం (వాటర్ పొటెన్షియల్, అంటే నీటికి కదిలిపోయే మొగ్గు ఎంతో చెప్పే కొలత) అనే భావనను వాడడం మేలని నా అభిప్రాయం. సాధారణ పీడనంలో స్వచ్ఛమైన నీటి నీటిశక్మాన్ని సున్నాగా తీసుకుంటారు. ద్రావితం కలిసినకొద్దీ అది రుణ విలువల్లోకి దిగుతుంది. నీరు ఎక్కువ నీటిశక్మం నుంచి తక్కువ నీటిశక్మం వైపు కదులుతుంది. ఎర్ర రక్తకణాన్ని స్వచ్ఛమైన నీటిలో ఉంచితే అది నీటిని నింపుకొని పగిలిపోవడానికి, 0.9 శాతం ఉప్పు ద్రావణంలో ఉంచితే ఆకారం చెడకుండా ఉండడానికి కారణం లోపలికీ బయటికీ మధ్య ఈ తేడా మొదటి సందర్భంలో ఉండడం, రెండో సందర్భంలో లేకపోవడమే.

శక్తి ఖర్చు అవుతుందన్న పొరపాటు ఎక్కడ పుట్టి ఉంటుందో ఊహించవచ్చు. పత్రరంధ్రాలు (ఆకు మీది సూక్ష్మ రంధ్రాలు) తెరుచుకునేటప్పుడు వాటి అంచున ఉండే రక్షక కణాలు ఏటీపీని (కణానికి శక్తినిచ్చే అణువును) ఖర్చు చేసి ప్రోటాన్లను బయటికి పంపుతాయి, దాని ఫలితంగా పొటాషియం అయాన్లు లోపలికి చేరతాయి. అందువల్ల కణంలోని నీటిశక్మం తగ్గి, నీరు దానంతట అదే లోపలికి వస్తుంది. ఖర్చయిన శక్తి అయాన్ల కోసం. నీటి ప్రవేశం నిష్క్రియంగానే జరిగింది. కణత్వచంలో (కణాన్ని చుట్టిన పలుచని పొరలో) నీటికి దారి ఇచ్చే ఆక్వాపోరిన్ ప్రోటీన్లు కూడా నీటిని పంపు చేయవు, మార్గాన్ని మాత్రమే సుగమం చేస్తాయి.

ఎండు గింజ ఉదాహరణ సరైనది కాదు. మొదట అది ఉబ్బడం ప్రధానంగా నిపానం వల్ల: గింజలోని పిండిపదార్థం, ప్రోటీన్ల వంటి కొల్లాయిడ్‌లు నీటిని తమ ఉపరితలాలకు పట్టి ఉంచుతాయి, దీనికి పొర అవసరం లేదు.

నీరు బయటికి పోదన్న చివరి మాట కూడా నిలవదు. నీటి అణువులు పొరను రెండు దిశల్లోనూ ఎడతెగక దాటుతూనే ఉంటాయి. లోపలికి వచ్చేవి బయటికి పోయేవాటి కంటే ఎక్కువైనప్పుడు మిగిలే నికర ప్రవాహాన్నే మనం ఎండాస్మాసిస్ అంటున్నాం. వృక్షకణం నీటిని తీసుకొని బిగువెక్కిన కొద్దీ కణకవచం (పొర వెలుపలి గట్టి గోడ) లోపలి ద్రవంపై ఎదురు ఒత్తిడి తెస్తుంది, ఆ ఒత్తిడి కణంలోని నీటిశక్మాన్ని పెంచుతుంది. అది వెలుపలి నీటిశక్మంతో సమానమైనప్పుడు, లోపలి ద్రావణం ఇంకా ఎక్కువ గాఢతతోనే ఉన్నప్పటికీ, నికర ప్రవాహం ఆగిపోతుంది. అణువుల రాకపోకలు మాత్రం ఆగవు.