పైనా కిందా తెలియని నీలిచుక్క గారికి

మహారాజశ్రీ ఫోన్ మ్యాపులోని నీలిచుక్క గారికి,

హైదరాబాద్ అత్తాపూర్‌లో మా బాబాయి గృహప్రవేశానికి బయల్దేరిన మమ్మల్ని ఆరాంఘర్ దాకా తిప్పి తెచ్చిన సందర్భంగా రాయునది. ఉభయకుశలోపరి.

మెహిదీపట్నం దాటాక మీరు కింద రోడ్డు మీద నింపాదిగా జరుగుతున్నారు. మేమేమో దాని నెత్తిన వంతెనలా సాగే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదున్నాం. "200 మీటర్లలో ఎడమవైపు తిరగండి" అన్నారు. ఎడమవైపు పిట్టగోడ, దాని అవతల ఎవరిదో మూడో అంతస్తు, ఆరేసిన చీరలు. "తిరగండి మరి, అంతలా చెబుతోంటే" అంది మా ఆవిడ. 11.6 కిలోమీటర్ల ఆ వంతెనకి మధ్యలో దిగే ర్యాంపు ఉందట. రోడ్డు వదిలేసి మీ ముఖం చూస్తూ నడపడం నా తప్పే, ఒప్పుకుంటున్నా. "వంతెన పిల్లర్ నంబర్ 143 అని ఎవర్నడిగినా చెప్పేవాళ్లు కదరా" అన్నాడు బాబాయి ఫోన్లో. మేం చేరేసరికి పాలు పొంగి, కాఫీలు కలిపి, గ్లాసులు కూడా కడిగేశారు.

మీ ఇబ్బంది నాకు తెలియంది కాదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం నాలుగింటి కబురు అందితేగానీ మీ లెక్క తేలదు. అన్నీ నెత్తి మీద నుంచే మాట్లాడతాయి, భూమి అడుగు నుంచి చెప్పేది ఒక్కటీ లేదు. అందుకే అటూ ఇటూ బాగానే పట్టే మీరు ఎత్తు దగ్గరకొచ్చేసరికి తడబడతారు. సరే. కానీ చాలా ఫోన్లలో మీ పక్కింట్లోనే బారోమీటర్ కాపురముంటోంది. గాలి ఒత్తిడి చూసి నేనెన్ని మెట్లెక్కానో అది చెప్పేస్తుంది. ఒకసారి దాన్ని పలకరిస్తే మీ సొమ్మేం పోయింది?

పెద్దల ముందు పోల్చడం బాగోదు గానీ, 1802లో మద్రాసులో సర్వే మొదలుపెట్టిన లాంబ్టన్ దొర కోణాలు కొలిచే అర టన్ను థియోడలైట్‌ని మోయించుకుంటూ తిరిగాడు. ఆ సర్వేవాళ్లే 160 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఎవరెస్టును చూసి, 29,002 అడుగులని 1856లో ప్రకటించారు. ఇప్పటి కొలతకీ దానికీ తేడా సుమారు ముప్పై అడుగులు. మీరు నా జేబులోనే ఉండి, నా కారు గాల్లో ఉందో నేల మీదుందో చెప్పలేకపోయారు.

అదీ ఈ ఊళ్లో! బాలానగర్‌లో ఉపగ్రహాలతో నేలను చూసే ఇస్రోవారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ పెట్టుకుని, ఉప్పల్‌లో సర్వేయర్లకు పాఠాలు చెప్పుకుంటున్న ఊళ్లో. తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ అనే చిరునామా కోడ్‌లోనూ ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ఐఐటీ హైదరాబాద్‌ల చెయ్యి ఉంది. దేశం మొత్తాన్ని దాదాపు నాలుగేసి మీటర్ల గళ్లుగా కోసి, ఒక్కో గడికీ అంకెలూ అక్షరాలూ కలిపి పదింటితో పేరు పెట్టారు. మన ఇంటి నంబర్లలోని "బై ఏ బై టూ బై త్రీ" చదివి చదివి నాలుక మడతపడ్డ నాకు అది నిజంగా నచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో అడిగితే, కింద ఫ్లాటు ఆయనకీ నాకూ ఒకటే కోడ్ వచ్చింది. ఏడాదిగా మా బాత్రూం లీకేజీ మీద మాటల్లేని మనుషులం, కోడ్ మాత్రం కలిసింది.

నిన్న రాత్రి బిర్యానీ తెచ్చిన కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, లొకేషన్ మీదనే ఉన్న. నువ్వెక్కడున్నవ్?"

"నేనూ లొకేషన్ మీదే ఉన్నా తమ్ముడూ."

ఇద్దరం నిజమే చెప్పాం. మధ్యలో నాలుగు శ్లాబులున్నాయి, అంతే. బాల్కనీలోంచి తొంగి చూస్తే సరిగ్గా నా కిందే నిలబడి ఉన్నాడు, మిమ్మల్ని వేళ్లతో పెద్దది చేసుకుని చూస్తూ. చెయ్యూపాను, ఈల వేశాను. తలెత్తలేదు. చివరికి వాచ్‌మన్ వచ్చి అతని గడ్డం పట్టుకుని పైకి చూపించాడు.

ఇట్లు,
నాలుగో అంతస్తు నుంచి,
మీ విధేయుడు