గాడి కుదరని ర్యామ్‌ని నొక్కకండి

"కంప్యూటర్ షాపుల్లో మోసపోకండి! ర్యామ్ మీరే కొని మీరే వేసుకోండి" అని మొదలయ్యే వాట్సాప్ మెసేజ్ ఈ వారంలో నాకు రావడం ఇది నాలుగోసారి. డిగ్రీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, మా బాబాయ్ పంపాడు, నిన్న అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ పడింది. అందులో ర్యామ్ (నడుస్తున్న పనుల్ని కంప్యూటర్ పెట్టుకునే మెమరీ) గురించి ఆరు సూత్రాలున్నాయి. కింద "పదిమందికీ పంపండి" అని ఉంది. దయచేసి పంపకండి.

మొదటిది, ర్యామ్ ఎంత పెంచితే సిస్టమ్ అంత స్పీడట. ఉన్న 16 జీబీలో సగం ఖాళీగా ఉంటే 32 చేసినా ఒరిగేదేమీ లేదు. విండోస్ ఇంకా హార్డ్ డిస్క్ మీదే నడుస్తుంటే ముందు ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా నడిచే స్టోరేజ్) వేయించండి.

రెండోది, హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు రేకు) లేకపోతే మన ఎండలకి ర్యామ్ కాలిపోతుందట. మామూలు ర్యామ్ చిప్పుల్నే 85 డిగ్రీల దాకా పనిచేసేలా చేస్తారు. టైపింగ్‌కి, బిల్లింగ్‌కి గుంటూరు మే నెలలో కూడా హీట్‌సింక్ అక్కర్లేదు.

నాకు ఒళ్లు మండించింది మూడోది. డీడీఆర్4, డీడీఆర్5 అంటే ర్యామ్‌లో పాత తరం, కొత్త తరం. బోర్డు అంటే మదర్‌బోర్డు, గాడి అంటే ర్యామ్ స్టిక్ అంచున ఉండే చిన్న కోత. "డీడీఆర్4కీ డీడీఆర్5కీ పిన్నులు 288 కాబట్టి ఏ బోర్డులోనైనా పడుతుంది. గాడి కొంచెం తేడాగా ఉంటే భయపడకుండా గట్టిగా నొక్కండి." పిన్నులు లెక్కపెట్టే ఓపిక ఉన్నవాడికి గాడి చూసే కళ్లు లేవా? లెక్క నిజమే, రెండింటికీ 288. కానీ గాడి ఒకచోట ఉండదు. డీడీఆర్5లో అది మధ్యకి ఇంకాస్త దగ్గరగా ఉంటుంది. తేడా కొద్ది మిల్లీమీటర్లే, కానీ అది కావాలని పెట్టిన తేడా. డీడీఆర్4కి కావాల్సిన 1.2 వోల్టుల్ని బోర్డే తయారుచేసి ఇస్తుంది. డీడీఆర్5కి బోర్డు 5 వోల్టులు పంపితే, స్టిక్ మీదున్న పవర్ చిప్ దాన్ని 1.1కి దించుకుంటుంది. ఒకదాని చోట ఇంకోటి దూరకుండా ఆపేది ఆ గాడే.

బ్రాడీపేటలో డీటీపీ సెంటర్ నడిపే తమ్ముడొకడు ఇది నమ్మాడు. పెళ్లికార్డుల సీజన్, సిస్టమ్ నెమ్మదిగా ఉందని డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 స్టిక్ పెట్టి రెండు చేతులా నొక్కాడు. నేను వెళ్లేసరికి స్లాట్ మధ్యలో గాడికి సరిపోయేలా ఉండే ప్లాస్టిక్ పన్ను విరిగి లోపల పడుంది. పక్కనున్న సన్నటి పిన్నులు వెంట్రుకల్లా ఒరిగిపోయాయి. "భయపడకుండా నొక్కమన్నారుగా అన్నా" అన్నాడు. విరిగిన స్లాట్‌కి వారంటీ రాదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నప్పుడు ఇలాంటి సలహా ఇచ్చేవాణ్ణి ఏమనాలి?

అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. నొక్కడం మాత్రం అవసరమే. "డిస్‌ప్లే రావట్లేదు" అని నాకు వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం స్టిక్ సగమే దిగడం. పవర్ వైరు పీకేసి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయేలా క్యాబినెట్ లోపలి ఇనుము ఓసారి ముట్టుకుని, గాడి సరిగ్గా కుదిరిందో లేదో చూసుకున్నాక, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా నొక్కాలి. క్లిప్పు టక్‌మనాలి. కొన్ని బోర్డులకి ఒకవైపే క్లిప్పు ఉంటుంది, ఆ రెండో చివర పైకి తేలకుండా చూసుకోండి.

నాలుగోది, రెండు స్టిక్కులూ పక్కపక్కన పెట్టమనడం. నాలుగు స్లాట్లుంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టాలి. పక్కపక్కన పెడితే చాలా బోర్డుల్లో రెండూ ఒకే ఛానల్‌లో (డేటా దారిలో) పడి, రెండు దారులూ ఒకేసారి వాడే డ్యూయల్ ఛానల్ పోతుంది.

స్టిక్ మీద రాసిన స్పీడు దానంతటదే వస్తుందన్నది ఐదోది. రాదు. 6000 అని రాసున్న డీడీఆర్5, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ అనే స్పీడు సెట్టింగ్ ఆన్ చేసేదాకా సాధారణంగా 4800లోనే నడుస్తుంటుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ నొక్కితే కనిపిస్తుంది, ఇప్పుడే చూడండి.

ఆఖరిది స్టిక్ పిన్నుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దే చిట్కా. దీన్నీ ఖండిద్దామనే కూర్చున్నాను, కానీ నేనూ చేస్తాను, పనిచేస్తుంది. మిర్చి యార్డు వైపు షాపుల్లో క్యాబినెట్ తెరిస్తే దుమ్ము మందంగా పేరుకుని ఉంటుంది. స్టిక్ బయటికి తీసి, బంగారు పూత మీద మెల్లగా రెండుసార్లు రుద్ది, పొట్టు పూర్తిగా దులిపాక పెడితే డిస్‌ప్లే వచ్చిన సందర్భాలు బోలెడు. గట్టిగా రుద్దితే పూత పోతుంది.

బ్రాడీపేట తమ్ముడు పాత బోర్డు పక్కన పడేసి డీడీఆర్5 పట్టే ఇంకోటి కొన్నాడు. ఆ డీడీఆర్5 స్టిక్ మళ్లీ కవర్లోకే వెళ్లింది, దాన్ని కొత్తదాంట్లో పెట్టి చూడ్డానికి చేతులు రావట్లేదట.