బుల్లెట్టుకు క్షవరం

"మావయ్యా, డాడీ బుల్లెట్‌ని బాబర్ చేయించా!" అని మా మేనల్లుడు ఫోన్ చేసినప్పుడు నాకు తెలిసిన బాబరు ఒక్కడే. 1526లో పానిపట్టు దగ్గర ఇబ్రహీం లోడీని ఓడించినవాడు. ఆయనకీ, మా బావగారి 1978 మోడల్ బండికీ ఏమిటి సంబంధమో తెనాలి వెళ్లి కళ్లారా చూసేదాకా బోధపడలేదు. సంబంధం ఉంది. అక్కడా దండయాత్రే, ఇక్కడా దండయాత్రే.

తెలియని అమాయకుల కోసం బాబర్ విధానం చెబుతాను. చక్కగా నడుస్తున్న పాత బండి ఒకటి తీసుకోవాలి. వెనక మడ్‌గార్డు కోసేయాలి. ముందుది సగానికి తెగ్గొట్టాలి. వెనక సీటు, క్యారియర్, శారీగార్డు, టూల్‌బాక్సు పీకి పారేయాలి. మిగిలిన అస్థిపంజరానికి నల్లరంగు కొట్టి, లావు టైర్లు తొడిగి, లక్షన్నర బిల్లు వేయాలి. ఉన్నది తీసేసినందుకు డబ్బు పుచ్చుకోవడం క్షవరంలోనూ ఉంది, కాదనను. కానీ జుట్టు మళ్లీ మొలుస్తుంది.

ఆవిష్కరణకు దసరా ముహూర్తం పెట్టాడు మావాడు. వాకిట్లో బండి మీద దుప్పటి కప్పి ఉంచాడు. మా అక్క పట్టుచీర కట్టుకుని, పళ్లెంలో పసుపు, కుంకుమ, నిమ్మకాయలతో వచ్చింది. దుప్పటి లాగాడు. ఎవరూ మాట్లాడలేదు. "మిగతాది ఎప్పుడొస్తుందిరా?" అంది అక్క.

"ఇంతేనమ్మా. లుక్ చూడు, లుక్!"

అక్క ఆ లుక్కును కాసేపు చూసి, సరేనని ట్యాంకుకు బొట్టు పెట్టబోయింది. మావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దమ్మా, మ్యాట్ ఫినిష్! మరక పడితే పోదు." ఆయుధపూజ నాడు బొట్టుకు నోచుకోని బండిని నేను చూడటం అదే మొదలు. ఆ కుంకుమ చివరికి పక్కనున్న మోపెడ్‌కు దక్కింది. నిమ్మకాయలు తొక్కించాక గుడికి వెళ్దామని అక్క అలవాటు ప్రకారం పక్కకి తిరిగి కూర్చోబోయి ఆగిపోయింది. కూర్చోడానికి అక్కడ టైరు తప్ప ఏమీ లేదు. "సింగిల్ సీటమ్మా! ఆటోలో వచ్చెయ్."

నలభై ఏళ్ల పాటు మా అక్కనీ, ఇద్దరు పిల్లల్నీ, బియ్యం బస్తానీ, ఒకసారి వాయువేగంతో కాకపోయినా ప్రసూతి ఆసుపత్రికి నొప్పులు పడుతున్న పక్కింటావిడనీ మోసిన బండి అది. ఇప్పుడు దాని మీద మావాడి వంశంలో ఒక్కడే పడతాడు.

వీధి చివర తిరిగేసరికి వాన అందుకుంది. మడ్‌గార్డు ఎందుకు కనిపెట్టారో మావాడికి అప్పుడు తెలిసింది. పావుగంటలో వెనక్కి వచ్చినప్పుడు, నడుం దగ్గర మొదలై తల వెనక దాకా తెల్లచొక్కా మీద నిలువుగా ఒకటే బురద నామం. బొట్టు వద్దన్నాడు కదా, బండే పెట్టింది.

చట్టం సంగతి అడిగాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది కూడా. "అందరూ చేయిస్తున్నారు మావయ్యా" అన్నాడు. అదీ సెక్షనే కాబోలు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, మొదటి రూపంలోనే ఉన్న బండికి వింటేజ్ గుర్తింపు దొరుకుతుంది. చాసిస్, అంటే బండి చట్రం, మార్చినవాటికి లేదు. ఈ బండికి 2028లో యాభై నిండేవి.

పాత బండి అణువంతా ఒరిజినల్‌గానే ఉండాలనే రెండో జాతివాళ్లూ ఉన్నారు, వాళ్లని వదిలేస్తే పక్షపాతం అంటారు. ఏ బోల్టు ఏ ఏడాదిదో చెప్పగలరు, బండి మాత్రం తోలరు. ఒకాయన మా బావగారి బండి చూసి "గ్రిప్పులు ఒరిజినల్ కావండీ" అని నిట్టూర్చి వెళ్లాడు. చేతులతో పట్టుకుంటే గ్రిప్పులు అరుగుతాయి స్వామీ. అయినా ఆయన చేతిలో ఇనుము కోసే గ్రైండర్ లేదు గనక క్షమించేశాను.

నా బాధ గ్రైండర్‌తో. బుల్లెట్ ఇంగ్లండులో పుట్టిన బండి. 1956 నుంచి మద్రాసు పక్కన తిరువొత్తియూరులో మనవాళ్లు చేశారు. కన్నవాళ్లు 1970కల్లా చేతులెత్తేస్తే పెంచినవాళ్లు నిలబెట్టారు. కుడికాలి కింద గేరు, కరెంటు చూపే అమ్మీటరు ముల్లు మధ్యకి తెచ్చి, ఇంజను ఒత్తిడి తగ్గించే డికంప్రెసర్ నొక్కి, అప్పుడు తన్నాలి. మర్యాద తప్పితే కిక్కు తిరిగి తంతుంది. ట్యాంకు మీది బంగారు గీతలు చేత్తో, కుంచెతో, ఊపిరి బిగబట్టి గీసినవి. సిగరెట్ కాగితం పెట్టి పాయింటు సరిచేసే మెకానిక్ భాయ్ ముప్పై ఏళ్లు ఆ గీతల మీద నూనెచెయ్యి పడనివ్వలేదు. వాటి మీద స్ప్రే కొట్టించావు కదరా! నిలబెట్టినవాళ్లలో ఒక్కణ్ణయినా అడిగావా? అంత కళాతృష్ణ ఉంటే షోరూముకెళ్లి కొత్తది కొనుక్కుని, దాన్ని కొయ్యి. కొయ్యవు. దాని ఈఎంఐ నువ్వు కట్టాలి కాబట్టి కొయ్యవు. దీనికి లోను తీర్చింది మీ నాన్న. ఇంక్రిమెంటు ఇంక్రిమెంటుకీ లెక్క రాసుకుని తీర్చాడు. అందుకే నీ చెయ్యి వణకలేదు.

బావగారు మాత్రం ఒక్క మాట అనలేదు. లెక్కల మాస్టారు కదా, మర్నాడు గ్యారేజీకి వెళ్లి తీసేసిన సామాను ఏమైందని అడిగారు. పాత ఇనుము కొట్టుకు వేసేశామన్నారు. అక్కడికీ వెళ్లి, గుట్టంతా వెతికి, కోసిన మడ్‌గార్డును పట్టుకున్నారు. కొట్టువాడు కాటా వేసి కిలో లెక్కన డబ్బు తీసుకున్నాడు. గోనెసంచిలో చుట్టి ఆటోలో ఇంటికి తెచ్చి, వరండాలో కూర్చుని కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నారు.

మావాడు బయటికొచ్చి చూశాడు. వాడి కళ్లు మెరిశాయి.

"డాడీ, అది హాల్లో గోడకి తగిలిద్దాం. వింటేజ్ లుక్ వస్తుంది."