సవరణ: జలుబు చేసిన తల్లి పాలు ఆపాల్సిన పనిలేదు

జలుబులా మొదలై పసిబిడ్డల ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ వైరస్ గురించి మొన్న పెట్టిన పోస్టులో ‘జలుబు ఉన్నవాళ్లు పసిబిడ్డకు దూరంగా ఉండాలి’ అని రాశాం. అది చదివి, తమకూ జలుబు చేసింది, పాలు మానేసి డబ్బాపాలు పట్టాలా అని కావలి, కందుకూరు వైపు బాలింతలు అడుగుతున్నారు. దయచేసి మానొద్దమ్మా. ఆ మాట బిడ్డను చూడ్డానికొచ్చి ముద్దులాడే చుట్టాలకు, బడి నుంచి జలుబు మోసుకొచ్చే పిల్లలకు. మీ పాలలో వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు ఉంటాయి. మాస్కు పెట్టుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని పాలివ్వండి.

జ్వరం తగ్గిందంటే ఈ వైరస్ ఇక అంటుకోదని కాదు. మామూలుగా 3 నుంచి 8 రోజులు, పసివాళ్ల నుంచి ఒక్కోసారి 4 వారాల దాకా అంటుతుంది. తుమ్ము తుంపరలతోనే కాదు, గిలక్కాయ మీద, సెల్‌ఫోన్ మీద పడ్డ వైరస్ చేతుల ద్వారా కూడా వస్తుంది. ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ సిరప్ దీని మీద పనిచేయదు.

టెన్షన్ పడేకన్నా బిడ్డ చొక్కా పైకెత్తి చూడండి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నా, రెండు నెలల్లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, పాలు తాగలేకపోయినా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి ఒంగోలుకో నెల్లూరుకో, ఏది దగ్గరైతే అక్కడి పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.