రిఫరెన్సెస్ మెనూ గారికి ఏలూరు రోడ్డు నుంచి

మహారాజశ్రీ రిఫరెన్సెస్ మెనూ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే, కానీ డిసెంబరు నెలలో బెజవాడలో డీటీపీ, అంటే కంప్యూటర్లో పుస్తకాలు కంపోజు చెయ్యడం, చేసుకుని బతికేవాళ్లకి కుశలం అనేది ఉండదు కాబట్టి నేరుగా విషయానికొస్తున్నా. జనవరిలో పుస్తక మహోత్సవం. రచయితలందరికీ ఒకటో తారీఖుకల్లా పుస్తకం స్టాల్లో ఉండాలి, అందరి ప్రూఫులూ ఇప్పుడే తిరిగొస్తున్నాయి, కరెంటు కూడా ఇప్పుడే పోతోంది.

ఇన్నేళ్లూ మీతో నాకు పేచీ లేదండీ. మైక్రోసాఫ్ట్ వర్డ్ తెరిస్తే పైన హోమ్, ఇన్సర్ట్ వరసలో మీరూ ఉంటారని తెలుసు, అంతే. మిమ్మల్ని పిలిచే అవసరమే రాలేదు, ఎందుకంటే తెలుగు పుస్తకానికి వెనక సూచిక వేసే అలవాటు మాకు పెద్దగా లేదు. నాలుగొందల పేజీల ఊరి చరిత్రలో తాతగారి పేరు ఎక్కడుందో కావాలంటే మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోవాల్సిందే. అసలు ఉద్దేశం అదేనేమో, సూచిక ఉంటే కొన్నవాళ్లు తమ ఇంటిపేరున్న పేజీ చూసుకుని పుస్తకం మూసేస్తారు కదా.

ఈసారి గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. కృష్ణా, గుంటూరు జిల్లాల సాహిత్య చరిత్ర రాశారు, పట్టుదల మనిషి. "ఏమ్మా, వెనక సూచికా, ఉపయుక్త గ్రంథాల పట్టికా ఉండాలి. కంప్యూటర్లో అయితే దానంతటదే వస్తుందటగా?" అన్నారు. దానంతటదే! ఆ మాట పుట్టించినవాళ్లెవరో ఒక్కసారి మా షాపుకొచ్చి నా కుర్చీలో కూర్చోవాలి.

ముందు పేర్ల సంగతి. గ్రంథకర్త పేరు అడిగేచోట మీరు నమూనాగా క్రేమర్, జేమ్స్ డి అని చూపిస్తారు. క్రేమర్ గారు మంచివారే అయ్యుంటారు, మాకు తెలీదు. నేను విశ్వనాథ సత్యనారాయణ అని కొట్టాను. కామా లేదు కాబట్టి చివరి మాటే ఇంటిపేరనుకుని మీరు సత్యనారాయణ, విశ్వనాథ అని తిప్పేశారు. గ్రంథాల పట్టిక రాసే పద్ధతుల్లో ఏపీఏ అనేది పెడితే ఆ విశ్వనాథ కూడా పోయి ఒక అక్షరం, పక్కన ఒక చుక్క. బెజవాడలో సత్యనారాయణ పేరున్నవాళ్లందర్నీ వరసగా నిలబెడితే బందరు రోడ్డు చాలదండీ. ఆ గుంపులో జ్ఞానపీఠం వచ్చినాయన ఎవరో ఒక అక్షరాన్నీ చుక్కనీ చూసి ఎలా కనుక్కోవాలి?

పోనీ మా దగ్గరైనా ఒక రూలుందా అంటే, లేదు. విశ్వనాథని ఇంటిపేరుతో పిలుస్తాం. గుర్రం జాషువాని జాషువా అనే అంటాం, గుర్రం అని ఎవరూ వెతకరు. శ్రీరంగం శ్రీనివాసరావు గారికైతే ఇంటిపేరూ వద్దు, అసలు పేరూ వద్దు, శ్రీశ్రీ చాలు. పెళ్లికి ముందు ఒక ఇంటిపేరుతో, తర్వాత ఇంకో ఇంటిపేరుతో పుస్తకాలు వేసుకున్న రచయిత్రుల గురించి మిమ్మల్ని అడగడం కూడా అన్యాయమే, మా పాఠకులే వాళ్లని ఇద్దరు మనుషులనుకుంటారు. గుంటూర్లో ఏ లైబ్రరీ గుమస్తానడిగినా ఎవర్ని ఏ అక్షరం కింద పెట్టాలో టక్కున చెప్తాడు. మీరు చెప్పలేరు.

అయితే మీలోనే ఒక దొడ్డిదారి ఉంది, అది కనిపెట్టినప్పుడు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. పక్కన 'కార్పొరేట్ ఆథర్' అని చిన్న గడి. అందులో టిక్కు పెట్టి రాస్తే పేరుని విరవకుండా, తిప్పకుండా, ఎలా ఉన్నది అలాగే ఉంచుతారు. అంటే తెలుగు కవి పేరు సవ్యంగా అచ్చు కావాలంటే ముందు ఆయన్ని కంపెనీగా రిజిస్టర్ చెయ్యాలన్నమాట. చేశాం. మాస్టారి పట్టికలో ఇప్పుడు అందరూ కంపెనీలే, జీఎస్టీ నంబర్లొక్కటే తక్కువ. వర్డ్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్, లిబ్రే ఆఫీస్ వారి గ్రంథ పట్టికలో రచయితకి ఒకటే గడి కాబట్టి ఈ తిప్పడాలు లేవు. గ్రంథాల వివరాలు దాచిపెట్టే జొటేరో అనే సాఫ్ట్‌వేర్లో కూడా పేరుని ఒకటే గడిలోకి మార్చే బొత్తాం ఉంది. మీరు మాత్రం క్రేమర్ గారిని వదల్లేదు.

సంవత్సరం గడి చూస్తే ఇంకో తలనొప్పి. పాత పుస్తకం మొదటి పేజీలో ప్రభవ నామ సంవత్సరం అని ఉంటుంది, అంకెలు ఉండవు. ప్రభవ అరవయ్యేళ్లకోసారి వస్తుంది: 1867, 1927, 1987. ఏదో తెలియాలంటే కాగితం వాసన చూడాలి, వెనక అట్ట మీద ధర అణాల్లో ఉందా రూపాయల్లో ఉందా చూడాలి. ఊరు గడిలో పాత ముద్రణకి బెజవాడ, కొత్త ముద్రణకి విజయవాడ.

ఇక సూచిక. మాట సెలెక్ట్ చెయ్యి, ఆల్ట్, షిఫ్ట్, ఎక్స్ మూడూ కలిపి నొక్కు, మార్క్ అను. వెంటనే మాట పక్కన ఫ్లవర్ బ్రాకెట్లలో ఎక్స్‌ఈ అని ఒక కోడు మొలుస్తుంది, దాంతోపాటు పేజీలో దాగున్న చుక్కలూ గుర్తులూ అన్నీ బయటికొస్తాయి. అవి బయట ఉన్నంతసేపూ మాటలు కిందికి జరిగి పేజీలు పెరుగుతాయి, అవి దాచకుండా సూచిక తీస్తే అందులో నంబర్లన్నీ తప్పే. ఈ సంగతి మీరు ఎక్కడైనా పెద్దక్షరాలతో రాసిపెట్టి ఉండాల్సింది. మార్క్ ఆల్ అంటే ఒక్కో పేరాలో మొదటిసారి వచ్చినదాన్ని మాత్రమే పట్టుకుంటారు, అది మాత్రం తెలివైన పనే, ఒప్పుకోవాలి.

కానీ తెలుగు మాట ఒకచోట నిలబడదండీ. గుంటూరు అని మీకిస్తే, మాస్టారు గుంటూర్లో అంటారు, గుంటూరి అంటారు, ఒక పద్యంలో సంధి చేసి ఆనవాలు లేకుండా చేస్తారు. మీ దాయాది లిబ్రే ఆఫీస్‌లో 'పూర్తి మాటలు మాత్రమే' అని ఒక టిక్కుంది. పెడితే గుంటూరులో, గుంటూరుకి, గుంటూరువాడు అన్నీ పోతాయి. తీస్తే ఇంకో ప్రమాదం. కృష్ణ అని నది కోసం ఇచ్చామనుకోండి, కృష్ణశాస్త్రి, రామకృష్ణారావు, కృష్ణలంక, కృష్ణాష్టమి అందరూ నదిలో పడతారు. ఈ జిల్లాల్లో కృష్ణ అనే రెండక్షరాలు లేని పేజీ ఉందా అసలు? ఆ టిక్కు పక్కనే పెద్దబడి చిన్నబడి అక్షరాల (ఇంగ్లిష్‌లో క్యాపిటల్, స్మాల్) తేడా చూడమంటారా అని కూడా ఉంటుంది. మా లిపిలో ఆ రెండు బడులూ లేవు, ఉన్నది ఒకటే బడి.

వరసక్రమం గురించి క్లుప్తంగా. మేం పలక మీద దిద్దుకున్నప్పుడు య ర ల వ శ ష స హ అయ్యాక చివర్లో ళ, క్ష, ఱ వచ్చేవి. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్ పట్టికలో ర పక్కనే ఱ, ల పక్కనే ళ కూర్చున్నాయి, క్ష అయితే విడి అక్షరమే కాదు, క కింద ఒత్తు. కాబట్టి ఆ పట్టిక ప్రకారం కళ తర్వాత కవి, మాస్టారి ప్రకారం కవి తర్వాత కళ. ఆయన ఎర్ర పెన్నుతో బాణాలు గీసి పంపారు. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న ఫైళ్ల ఊసెత్తను, అక్కడ తెలుగక్షరం ఇంగ్లిష్ అక్షరం గదిలో అద్దెకుంటుంది, వరస పెట్టమంటే ఇంటి ఓనరు వరసే వస్తుంది.

ఇంత తిట్టాక ఒక నిజం కూడా చెప్పాలి. మీరు రాకముందు మా ప్రచురణకర్తలు సూచికలు వేసి, మీరొచ్చాక మానేశారా? లేదే. 1914లో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాలవాళ్లంతా మొదటి మహాసభ పెట్టుకున్నది ఈ ఊళ్లోనే. పుస్తకాన్ని వెతుక్కోవడం ఎలాగో రాష్ట్రమంతటికీ నేర్పిన ఊరు ఇది, పుస్తకం లోపల వెతుక్కోవడం మాత్రం పాఠకుడి ఖర్మకి వదిలేసింది. సూచిక అంటే నాలుగు ఫారాల (పదుల పేజీల) కాగితం, ఒక మనిషికి పదిహేను రోజుల కూలి, ఆ డబ్బు పెట్టడం ఎవరికీ ఇష్టం లేదు. ఇదివరకు "ఎవరు చదువుతారులే" అనేవారు. ఇప్పుడు మీ పేరు చెప్పి "సాఫ్ట్‌వేర్ తెలుగు సపోర్ట్ చెయ్యదండీ" అంటున్నారు. వాళ్లకి మీరు చేసిన సాయం ఇంతా అంతా కాదు.

చివరికి ఏం చేశామంటే, ప్రూఫు ప్రింటు తీసి మాస్టారే పెన్సిలుతో సున్నాలు చుట్టారు, నేను ఒక్కో సున్నా దగ్గరా విడిగా మార్క్ చేసి, పేరు ఎలా కనపడాలో చేత్తో కొట్టాను. అలా చేస్తే మీరు బుద్ధిగానే ఉన్నారు. పేజీలు మారినా ఎఫ్9 నొక్కితే నంబర్లు సర్దేస్తున్నారు, ఆ ఒక్క ఉపకారానికి దణ్ణం.

ఆ ధైర్యంతోనే ఇవాళ ఫోనొచ్చినప్పుడు కంగారు పడలేదు. ఇంకో ముందుమాట వచ్చిందట, ఆరు పేజీలు, అన్నిటికంటే ముందు పెట్టాలట. ముందుమాటలన్నిటికీ విడిగా రోమన్ అంకెలు వేసేస్తానండీ, ఎన్నొచ్చినా లోపలి పేజీలు కదలవు అన్నాను. మాస్టారికి కోపం వచ్చింది. "రోమన్ అంకెలేంటమ్మా? అంత పెద్దాయన కష్టపడి రాసిస్తే, పేజీల లెక్కలోకి రాకుండా గుమ్మం బయట కూర్చోబెడతావా? ఒకటి నుంచే వెయ్యి. అన్నట్టు ఆయన పేరు కూడా సూచికలో ఎక్కించు."

ఏ అక్షరం కింద ఎక్కించాలండీ అని అడిగాను. కనుక్కుని చెప్తానన్నారు.

ఇట్లు,
ఏలూరు రోడ్డు నుంచి మీ డీటీపీ ఆపరేటరు