పేపర్ సంగతి వేరు, మనిషి సంగతి వేరు

మర్రిగూడ మండలం బోరునీళ్లలో ఫ్లోరైడ్ మీద ఒక జర్నల్‌లో పరిశోధన పేపర్ వచ్చిందనుకుందాం. మూడేళ్ల తర్వాత అదే రచయితలు పాలమూరు ఊళ్ల మీద ఇంకొకటి వేశారు. ఊళ్ల పేర్లు మారాయి గానీ పట్టికలో అంకెలు దశాంశాలతో సహా అవే. దాన్ని పట్టుకున్న ఒక రీసెర్చ్ స్కాలర్ జర్నల్‌కు ఫిర్యాదు రాశాడు. ఇప్పుడు ఎడిటర్ ఏం చేయాలి?

చాలా ఫిర్యాదులు ఇక్కడే ఆగిపోతాయి. రచయిత దోషి అని తేలితేనే పేపర్ జోలికి వెళ్లాలనుకోవడమే దీనికి మూలం. దోషం తేల్చాల్సింది యూనివర్సిటీ. ఆ అంకెలను నమ్మొచ్చా లేదా అన్నది తేల్చాల్సింది జర్నల్. రెండోదానికి మొదటిది అయ్యేదాకా ఆగనక్కర్లేదు.

ఫిర్యాదు అందిందని ముందు జవాబివ్వాలి. రాసినవాళ్లు పేరు చెప్పకపోయినా, ఏ పట్టికలో ఏ వరుస ఎక్కడ కలిసిందో చూపిస్తే దాన్ని తీసుకోవాల్సిందే. పేరు చెప్పినా దాన్ని రచయితలకు చేరవేయకూడదు. మన దగ్గర ఒక సబ్జెక్టు వాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. పేరు బయటపడితే ఆ స్కాలర్ వైవా (పీహెచ్‌డీ చివర్లో జరిగే మౌఖిక పరీక్ష) దాకా భయపడుతూనే ఉంటాడు. రచయితకు గైడో, అదే డిపార్ట్‌మెంటు మనిషో ఎడిటర్‌గా ఉంటే ఫైలు వేరేవాళ్లకు అప్పగించి తప్పుకోవాలి.

తర్వాత సహరచయితలందరికీ విడివిడిగా, వాళ్ల సంస్థ ఈమెయిల్‌కే రాయాలి. కరస్పాండింగ్ రచయిత (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయిత) ఒక్కరికే రాస్తే, తమ పేరు పేపర్‌లో ఉందని కూడా తెలియనివాళ్లకు విషయం చేరదు. సంజాయిషీ అడిగితే సరిపోదు, ముడి డేటా అడగాలి: శాంపిల్ తీసిన తేదీలు, బోరు ఉన్న చోటు, ల్యాబ్ రిజిస్టర్, ఫ్లోరైడ్‌ను ఎలక్ట్రోడ్‌తో కొలిచి ఉంటే ఆ పరికరం చూపిన మిల్లీవోల్టుల రీడింగులు, వాటిని ఫ్లోరైడ్ మోతాదుగా మార్చడానికి వాడిన కాలిబ్రేషన్ అంకెలు. చివరి పట్టికను కల్పించడం తేలిక. దానికి సరిపడే మిల్లీవోల్టులను వెనక నుంచి అల్లడం అంత తేలిక కాదు.

కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ ఇచ్చే పోలిక శాతం ఇక్కడ దాదాపు అక్కరకు రాదు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనలు పోలికను 10, 40, 60 శాతాల మెట్లుగా విడగొట్టాయి. అవి కాపీ కొట్టిన రాతకు పనికొస్తాయి. వాక్యాలన్నీ కొత్తగా రాసి అంకెలు మాత్రం పాతవి పెడితే పోలిక 10 లోపే చూపించవచ్చు.

జవాబు రాకపోతే మరోసారి గుర్తు చేసి, ఆధారాలతో యూనివర్సిటీకి రాయాలి. ప్లేజరిజం (ఇతరుల రాతను కాపీ కొట్టడం) అయితే ఆ నిబంధనల ప్రకారం డిపార్ట్‌మెంట్ ప్యానెల్‌కు 45 రోజులు, ఆపై సంస్థ ప్యానెల్‌కు 45 రోజులు గడువు. డిపార్ట్‌మెంట్ ప్యానెల్‌కు ఆ డిపార్ట్‌మెంట్ హెడ్డే (హెచ్ఓడీ) చైర్మన్. ఆయనే సహరచయిత అయితే నేరుగా పై ప్యానెల్‌కు రాయడం మేలు. ఈలోపు పేపర్ మీద అనుమానం ఉందని జర్నల్ ఒక ప్రకటన వేయాలి. నీటి పథకం లెక్కలకు ఆ అంకెలు వాడుకునే ఇంజినీరుకు ఆ హెచ్చరిక అందాలి కదా.

డేటా నిలబడకపోతే రిట్రాక్షన్ ఇవ్వాలి, అంటే పేపర్‌ను వెనక్కి తీసుకున్నట్టు ప్రకటించాలి. పీడీఎఫ్‌ను గుట్టుగా తీసేయడం మాత్రం పెద్ద తప్పు, ఎందుకంటే దాన్ని ఉటంకించినవాళ్లకు ఏం జరిగిందో తెలియదు. పేపర్‌ను ఉంచి ప్రతి పేజీ మీద వెనక్కి తీసుకున్నదన్న ముద్ర వేయాలి. ఎవరు, ఎందుకు వెనక్కి తీసుకున్నారో చెప్పే నోటీసును ఉచితంగా చదవనివ్వాలి. పొరపాటున పాత ఫైలు అతికించారని తేలితే నోటీసులో ఆ మాటే రాయాలి, అప్పుడు రచయిత మీద మోసగాడన్న మచ్చ పడదు. ఫిర్యాదు చేసిన మనిషికి కూడా ఫలితం రాసి పంపాలి.