విండోస్ వదిలేవారు ఏ కంప్యూటర్ కొనాలి? ముందు ప్రింటర్‌ను అడగండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఇళ్లలో వాడేవారికి అదనపు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించిన గడువు 2026 అక్టోబర్ 13. ఆ తర్వాత కూడా పాత సిస్టమ్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. కానీ కొత్తగా బయటపడే లోపాలను సరిదిద్దేవారు ఉండరు. బ్యాంకు పనులు, కౌలు లెక్కలు, పిల్లల ఫీజులు అన్నీ అదే పెట్టెలో చూసుకునే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. అమలాపురంలో అడిగినా, భీమవరంలో అడిగినా షాపులో వినిపించే మాట దాదాపు ఒకటే: “దీనికి 11 ఎక్కదండీ, కొత్తది తీసుకోండి.”

అందులో మొదటి సగం నిజమే. మోటుగా చెప్పాలంటే విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ లేదా అంతకంటే కొత్త ప్రాసెసర్ ఉండాలి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, నమ్మదగ్గ సిస్టమే తెరుచుకునేలా చూసే సెక్యూర్ బూట్ కూడా కావాలి. 2015లో కొన్న ఐ5కి ఆ అర్హత లేదు. అంతమాత్రాన అది పనికిరానిదైపోదు. చాలా ఇళ్లలో పాత సిస్టమ్ నత్తనడకకు కారణం ప్రాసెసర్ కాదు, లోపల తిరిగే హార్డ్ డిస్క్. దాని స్థానంలో తిరిగే భాగాలు లేని 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్‌ను 8 జీబీకి పెంచి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కిస్తే 4వ తరం ఐ3 కూడా ఇంటి పనికి హాయిగా సరిపోతుంది. మింట్ 22కి 2029 ఏప్రిల్ వరకు అప్‌డేట్లు వస్తాయి.

అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించేవారూ ఉన్నారు. అర్హత లేని యంత్రానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఇవ్వబోమని మైక్రోసాఫ్టే చెప్పింది. బ్యాంకు పని చేసే సిస్టమ్‌కు ఆ దారి వద్దనే చెబుతాం.

సిస్టమ్ మార్చాలనుకున్నవారు సాధారణంగా ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని చూసి కంప్యూటర్ కొంటారు. నెల తిరక్కుండానే మళ్లీ విండోస్ వేయించుకునేవారిని అడిగి చూడండి, ప్రాసెసర్ చాల్లేదని చెప్పేవారు అరుదు. ప్రింటర్ కదల్లేదనో, వైఫై కనిపించలేదనో, వేలిముద్ర యంత్రాన్ని గుర్తించలేదనో, పాత తెలుగు ఫైలు పిచ్చి గీతల్లా తెరుచుకుందనో అంటారు. కాబట్టి ఎంపిక అక్కడి నుంచే మొదలవ్వాలి. ముందు పనుల జాబితా రాసుకుని, దాన్ని బట్టి సిస్టమ్, సిస్టమ్‌ను బట్టి యంత్రం తేల్చుకోవాలి.

కొన్ని పనులు విండోస్‌ను వదలనివ్వవు. ట్యాలీలో లెక్కలు రాసే రైస్ మిల్లుకూ కొబ్బరి కొట్టుకూ విండోస్ తప్పదు. ఆధార్ వేలిముద్రతో సేవలందించే కేంద్రాల్లో వాడే పరికరాల సాఫ్ట్‌వేర్ ప్రధానంగా విండోస్, ఆండ్రాయిడ్‌ల కోసమే వస్తుంది. డిజిటల్ సంతకం టోకెన్‌తో కంపెనీ తరఫున జీఎస్టీ రిటర్నులు వేసేవారూ విండోస్‌లో ఉండడమే క్షేమం. సొంత పేరుతో వ్యాపారం చేసేవారు ఓటీపీతో ధ్రువీకరించుకుంటే బ్రౌజర్ ఉన్న ఏ సిస్టమైనా చాలు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు కొట్టే డీటీపీ వారు ఉన్నచోటే ఉండాలి. ఇంజినీరింగ్ పిల్లల్లో కంప్యూటర్ సైన్స్ వారికి లినక్స్ మేలే చేస్తుంది, విండోస్‌లోనే నడిచే డిజైన్ సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్ నేర్చుకునే మెకానికల్ వారికి మాత్రం కాళ్లకు అడ్డం పడుతుంది.

చెరువు గట్టున కెమెరాలు పెట్టుకున్న ఆక్వా రైతులు ఇంకొకటి చూసుకోవాలి. కెమెరా దృశ్యాలను రికార్డు చేసే పాత డీవీఆర్‌లు కొన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ప్లగిన్ ఉంటేనే బొమ్మ చూపిస్తాయి, లినక్స్‌లో అది దొరకదు. ఫోన్ యాప్‌లో కనిపిస్తే చాలనుకునేవారికి ఇబ్బంది లేదు.

ఇవేవీ లేని ఇల్లు, అంటే బ్రౌజర్, వాట్సాప్ వెబ్, జూమ్, ఫొటోలు, ఉత్తరాలు, చిన్నచిన్న లెక్కల షీట్లతో గడిచే ఇల్లు, నిశ్చింతగా మారవచ్చు. డెల్టాలో అలాంటి ఇళ్లే ఎక్కువని మా అభిప్రాయం.

ఇక ప్రింటర్. కానన్ ఎల్‌బీపీ 2900 మన ఊళ్లలో ఇప్పటికీ నడుస్తూనే ఉంది. గట్టి యంత్రం. కానీ అది మాట్లాడేది కానన్ సొంత భాష క్యాప్ట్. లినక్స్‌కు పాత డ్రైవర్, అంటే ప్రింటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్, ఉన్నా అది పాతకాలపు 32 బిట్ భాగాల మీద ఆధారపడుతుంది కాబట్టి, ఈ రోజు కుదిర్చినా రేపు ఒక అప్‌డేట్ రాగానే మొరాయించవచ్చు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, పీ1108లది మరో రకం సమస్య. వాటికి హెచ్‌పీ లినక్స్ సాఫ్ట్‌వేర్‌తోపాటు ప్రత్యేక ప్లగిన్ వేయాలి. ఆ రెండింటి వెర్షన్లు సరిపోలాలి, ప్లగిన్ దించుకునేటప్పుడు ఇంటర్నెట్ ఉండాలి. ప్లగిన్ లేకపోతే ప్రింటర్ జాబితాలో కనిపిస్తుంది, కాగితం మాత్రం రాదు. ప్రింటర్ కూడా కొత్తది కొనే ఉద్దేశం ఉంటే వైఫై ఉండి, డ్రైవర్ లేకుండానే ముద్రించే ఎయిర్‌ప్రింట్ పద్ధతిని అందుకునేదాన్ని ఎంచుకోండి. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ డ్రైవర్ గొడవే లేకుండా పనిచేస్తుంది.

వైఫై చిప్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే దాని పేరు పెట్టె మీద రాయరు. ఇంటెల్ చిప్‌లతో చిక్కు తక్కువ. రియల్‌టెక్‌లో కొన్ని బాగానే నడుస్తాయి, 8821సీఈ లాంటివి మాటిమాటికీ తెగిపోతాయి. తక్కువ ధర లాప్‌టాప్‌లలో వచ్చే మీడియాటెక్ 7902కి లినక్స్‌లో ఏళ్ల తరబడి డ్రైవరే లేదు. పైగా ఒకే మోడల్ పేరుతో అమ్మే లాప్‌టాప్‌లలో ఒక బ్యాచ్‌కు ఒక చిప్, ఇంకో బ్యాచ్‌కు ఇంకో చిప్ వేస్తారు. అందుకే యూట్యూబ్‌లో ఎవరిదో పనిచేసిందని చూసి కొనడం నమ్మదగ్గ పద్ధతి కాదు. చేతిలో ఉన్న ఆ యంత్రాన్నే పరీక్షించాలి. కొన్నాక తేలితే ఇంటెల్ ఏఎక్స్ 210 కార్డు మార్చుకోవచ్చు. ఏఎక్స్ 201, 211 మాత్రం తగిన ఇంటెల్ బోర్డుల్లోనే పనిచేస్తాయి, పేరు దగ్గరగా ఉందని తెచ్చుకోకండి. తాత్కాలికంగా ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ఫోన్ ఇంటర్నెట్‌ను పంచే టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని వెంటనే అందుకుంటుంది.

ఏ యంత్రం కొనాలన్న ప్రశ్నకు, ఇంట్లో ఒకచోటే ఉండేదైతే, మా మొదటి సలహా ఆఫీసుల నుంచి తీసేసిన 8వ లేదా 9వ తరం మినీ పీసీ. డెల్ ఆప్టిప్లెక్స్ 3060 మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ4 మినీ, లెనోవో థింక్‌సెంటర్ ఎం720క్యూ ఈ కోవలోవి. లోపల ఇంటెల్ గ్రాఫిక్సే కాబట్టి ఎన్‌విడియా డ్రైవర్ తలనొప్పి ఉండదు. ర్యామ్‌కు రెండు స్లాట్లు, ఎం.2 ఎస్‌ఎస్‌డీకి చోటు ఉంటాయి. లినక్స్ కోసమే అయినా 8వ తరం అని పట్టుబట్టడానికి కారణం ఉంది. రేపు పిల్లవాడి కోర్సుకో, కొత్తగా పెట్టిన వ్యాపారానికో విండోస్ అవసరమైతే అదే యంత్రంలో 11 వేసుకోవచ్చు. విండోస్ ప్రో లైసెన్సుతో వచ్చిన యంత్రమైతే దాని లైసెన్సు కీ సాధారణంగా బోర్డులోనే ఉంటుంది, మళ్లీ కొనక్కర్లేదు. వెనక్కి వచ్చే దారి తెరిచి ఉంటే మనిషి ధైర్యంగా ముందుకు వెళ్తాడు.

వీటిలోనూ మోసపోయే చోట్లు ఉన్నాయి. వైఫై కార్డు లేకుండా వచ్చేవి చాలా. వెనక డిస్‌ప్లేపోర్టే ఉండి, ఇంట్లోది పాత వీజీఏ మానిటర్ అయితే యాక్టివ్ కన్వర్టర్ కొనాలి. అన్నిటికంటే ముఖ్యం బయోస్, అంటే బోర్డు సెట్టింగులు ఉండే చోటి పాస్‌వర్డ్. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో ఎఫ్1 నొక్కి లోపలికి వెళ్లగలుగుతున్నారో లేదో డబ్బు ఇచ్చేముందే చూడండి. పాత కంపెనీ పెట్టిన తాళం అలాగే ఉంటే ఏ సెట్టింగూ మార్చలేరు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి 16 జీబీ అన్నవాళ్లు 8 వేసి ఇవ్వలేదని స్క్రీన్ మీదే చూసుకోండి. కొత్తదని మోజుపడి సెలెరాన్ ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీకి బదులు నెమ్మదైన 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజి ఉన్న లాప్‌టాప్ మాత్రం కొనవద్దు. విండోస్ 11 అర్హత ఉందని పెట్టె మీద రాసి ఉన్నా, ఆరేళ్ల నాటి ఆఫీసు యంత్రం దానికంటే మెరుగు.

మ్యాక్ అయితే ఎం4 మ్యాక్ మినీ 2024లో 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజితో 59,900 రూపాయలకు మొదలైంది. పదేళ్లు వాడే ఉద్దేశం ఉంటే అన్యాయమైన ధర కాదు. ర్యామ్ తర్వాత పెంచుకోలేరు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చినదైనా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది, ప్లగ్ ఒక్కటే మార్చుకోవాలి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉన్న పాత హార్డ్ డిస్క్‌ను మ్యాక్ చదువుతుంది కానీ దాని మీద రాయదు. సెకండ్ హ్యాండ్‌లో చవకగా వచ్చే ఇంటెల్ మ్యాక్‌ల జోలికి వెళ్లవద్దు, వాటికి మ్యాక్‌ఓఎస్ 26తో కొత్త వెర్షన్లు ఆగిపోతాయి.

మన నేలకు తగ్గ చూపూ ఒకటి కావాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలి, వానాకాలపు చెమ్మ బోర్డులను తినేస్తాయి. పాత యంత్రం కొనేటప్పుడు వెనక స్క్రూలకు తుప్పు ఉందా, యూఎస్‌బీ పోర్టుల్లో ఆకుపచ్చ, తెల్ల పొర కట్టిందా అని టార్చి వేసి చూడండి. ఉంటే అది ఎంత చవకైనా వదిలేయండి. లాప్‌టాప్ అయితే టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బిందేమో చూడాలి, కింద బ్యాటరీ ఉబ్బిందనడానికి అది గుర్తు. లంక గ్రామాల్లో యంత్రాన్ని నేల మీద పెట్టకపోవడం ఎవరికీ చెప్పనక్కర్లేదు. కరెంటు విషయంలో మినీ పీసీ లాభం స్పష్టంగా తెలుస్తుంది. మామూలు పనిలో అది మానిటర్‌తో కలిపి 40, 50 వాట్లకు మించదు, కాబట్టి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉన్న 600 వీఏ యూపీఎస్ మంచి స్థితిలో ఉంటే అరగంటకు పైగా నిలబెడుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న టవర్‌కు అదే యూపీఎస్ పది, పదిహేను నిమిషాలే.

కొనేముందు పరీక్షకు 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. లినక్స్ మింట్ ఐఎస్‌ఓ ఫైలు దాదాపు 3 జీబీ, దాన్ని విండోస్‌లో నడిచే రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాయాలి. షాపులో యంత్రం ఆన్ చేస్తూ డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9 నొక్కితే పెన్‌డ్రైవ్ నుంచి తెరుచుకుంటుంది. డిస్క్‌లో ఉన్నదేదీ చెడదు, ఇన్‌స్టాల్ గుర్తును మాత్రం నొక్కకండి. ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి వీడియో ఒకటి నడపండి. స్పీకరు, మైకు, కెమెరా, బ్లూటూత్ చూడండి. మూత మూసి ఒక నిమిషం ఆగి తెరవండి, నిద్ర లేవని లాప్‌టాప్ ఇంట్లో రోజూ విసిగిస్తుంది. డిస్క్స్ అనే ప్రోగ్రామ్‌లో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం కనిపిస్తుంది. వీలైతే ప్రింటర్ కేబుల్ తగిలించి ఒక పేజీ తీయండి. పదిహేను నిమిషాల పని. ఒప్పుకోని షాపులో కొనకపోవడమే మంచిది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తరచూ ఎదురయ్యేవి నాలుగు. విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే సెక్యూర్ బూట్ మార్చగానే రికవరీ కీ అడుగుతుంది. దాన్ని ముందే కాగితం మీద రాసుకోండి. ఇన్‌స్టాలర్‌కు ఎస్‌ఎస్‌డీ కనిపించకపోతే బయోస్‌లో స్టోరేజి సాధారణంగా ఆర్‌ఎస్‌టీ లేదా రెయిడ్ అనే సెట్టింగ్‌లో ఉందని అర్థం, దాన్ని ఏహెచ్‌సీఐ అనే సెట్టింగ్‌కి మార్చాలి. విండోస్‌ను కూడా ఉంచుకుంటే, అందులో పూర్తిగా మూతపడకుండా ఆగే ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి, లేకపోతే లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏదీ దాచుకోలేరు. రెండూ ఉన్న సిస్టమ్‌లో గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తేడా చూపిస్తే కంగారుపడకండి. లినక్స్ బోర్డు గడియారాన్ని గ్రీనిచ్ సమయంగా, విండోస్ మన సమయంగా చదువుతాయి. లినక్స్‌లో ఒక సెట్టింగ్ మార్చితే సరిపోతుంది. తేదీ ఏళ్ల వెనక్కి పోయి బ్యాంకు సైట్లు తెరుచుకోకపోతే మాత్రం తప్పు బోర్డు మీది సీఆర్ 2032 సెల్‌ది.

తెలుగు టైపింగ్‌కు భయం అక్కర్లేదు. ప్రామాణిక కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ నేరుగా ఉంటుంది. ఐబస్ ఎం17ఎన్ అనే కీబోర్డుల ప్యాకేజీ వేస్తే ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్‌తోపాటు అను వాడినవారికి అలవాటైన ఆపిల్ కీబోర్డు కూడా దొరుకుతుంది, వేళ్ల అలవాటు మార్చుకోనక్కర్లేదు. విండోస్‌లోని గౌతమి ఫాంట్‌లో చేసిన పత్రాలు లినక్స్‌లోని లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే ఆ ఫాంట్ లేక వరసలు జరుగుతాయి. పంపాల్సినవి పీడీఎఫ్ చేసి పంపండి. అను ఫైళ్లు అన్ని సిస్టమ్‌లూ చదివే యూనికోడ్ పద్ధతిలో ఉండవు కాబట్టి పాత సిస్టమ్ తీసేయకముందే ముఖ్యమైనవాటిని పీడీఎఫ్‌గా దాచుకోవాలి, మళ్లీ దిద్దాల్సినవి ఉంటే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. పాత హార్డ్ డిస్క్‌ను యంత్రంతోపాటు అమ్మేయకండి. దాన్ని బయటికి తీసి యూఎస్‌బీ కేసులో వేసుకుంటే, మరిచిపోయిన ఫైలు ఆరు నెలల తర్వాత గుర్తొచ్చినా దొరుకుతుంది.